బోసినోటి కేకు

వీధిలో అందరూ ఆయన్ని సెట్ల బాబాయి అంటారు. ఆయన కన్నా పెద్దవాళ్ళు కూడా అదే అంటారు. పళ్ళ డాక్టరు గారి క్లినిక్ వెనక గదిలో, కిటికీ కూడా సరిగ్గా తెరుచుకోని చోట కూర్చుని, ముప్పయ్యేళ్ళు కట్టుడు పళ్ళ సెట్లు తయారు చేసినందుకు వచ్చిన పేరది. ముందు గదిలో డాక్టరు గారు మనుషుల్ని చూసేవారు. వెనక గదిలోకి మనుషులు వచ్చేవారు కారు, వాళ్ళ నోళ్ళు మాత్రం వచ్చేవి. ప్లాస్టర్ పోసిన అచ్చులై, చెక్క అలమరలో వరసగా, ఎవరో జోకు చెబుతుంటే మధ్యలో ఆగిపోయినట్టు తెరుచుకుని కూర్చునేవి.

అందుకని బాబాయికి మొహాలు గుర్తుండవు. ఏ పెళ్ళిలోనో ఎవరైనా ఎదురొచ్చి "నన్ను గుర్తుపట్టారా?" అంటే వెర్రి చూపులు చూసేవాడు. వాళ్ళు నవ్వగానే మాత్రం "అయ్యో, మీరా! రండి, రండి" అని చేతులు పట్టుకునేవాడు. నవ్వని మనుషులు ఆయనకి జీవితాంతం పరాయివాళ్ళే.

చేతికి ఒక పని అలవాటైపోతే అది యజమాని మాట వినదు. ఓడల మీద తాళ్ళు ముడివేసి ముడివేసి ఇంటికి చేరిన ఒక పెద్దాయన మనవరాలికి ముచ్చటపడి జడ వేస్తే, ఇంటిల్లిపాదీ కూర్చున్నా ఆ జడ విప్పలేక చివరికి కత్తెర తెచ్చారట. పోస్టాఫీసులో ముద్రలు కొట్టి రిటైరైన ఇంకొకాయన టీ కప్పు కింద పెట్టాల్సి వస్తే ముందు సాసర్లో ఒకసారి అద్ది, తర్వాత బల్ల మీద ఠప్పున కొట్టేవాడట. ఇంట్లో కప్పులన్నీ స్టీలువే. సెట్ల బాబాయి చెయ్యి కూడా ఆ జాతిదే. కాకపోతే ఆ సంగతి ఆయనకి కేకుల దాకా తెలియలేదు.

క్లినిక్‌లో సెట్లు చేసే మెషీను వచ్చింది. బాబాయి ఇంటికొచ్చాడు. ఇంట్లో పిన్ని ఉంది, అంటే ఆయన భార్య. బంధువుల్లో గానీ స్నేహితుల్లో గానీ ఎవరి పుట్టినరోజైనా కేకు ఆవిడ ఓవెన్‌లోంచే రావాలి. కేకు దూదిలా వచ్చేది. అలంకరణ దగ్గరే ఆవిడకి చెయ్యి తిరిగేది కాదు. "పుట్టినరోజు శుభాకాంక్షలు" అని క్రీముతో మొదలుపెడితే "పుట్టిన" దగ్గరికి వచ్చేసరికి కేకు అయిపోయేది. మిగతాది పళ్ళెం మీద రాసేది. ఇంకా మిగిలితే, శుభాకాంక్షల్లో "క్షలు" బల్ల గుడ్డ మీదికి పాకేది.

"ఇలా ఇయ్యి," అన్నాడు బాబాయి ఒకరోజు, చేతులు ఊరికే ఉండలేక. "మైనంతో పని చేసినవాణ్ణి. క్రీమెంత?"

"చెయ్యండి. మీ సంబడం నేనూ చూస్తాను," అంది పిన్ని, క్రీము సంచి ఆయన చేతిలో పెట్టి.

నేర్చుకోవడం మొదలైంది. బోర్లించిన స్టీలు పళ్ళెం మీద క్రీము గీతలు గీయడం, గరిటెతో గోకి మళ్ళీ సంచిలోకి ఎత్తడం. పాత పనిముట్లన్నీ అటక మీంచి దిగాయి. మైనం చెక్కే చిన్న కత్తిని స్పిరిట్ దీపం మీద కాల్చి క్రీము నున్నగా చేయబోతే, కేకు ఒక పక్కంతా కరిగి కాలవ కట్టింది. అద్దం బిగించిన పుల్లతో కేకు వెనక వైపు ఎలా ఉందో వంగి చూసేవాడు. రంగు కలిపితే మాత్రం ఒకే రంగు వచ్చేది. ఎరుపు కలిపినా, పసుపు కలిపినా, చివరికి ఆయన తృప్తిపడి ఆగే చోటికి వచ్చేసరికి గిన్నెలో ఉన్నది ఆరోగ్యమైన పంటి చిగురు రంగే.

మొదటి కేకు అల్లుడికి. చుట్టూ అంచుకి గవ్వల వరస పెట్టబోయాడు. పెట్టాక అందరూ చూశారు. గవ్వలు కావవి. ముందువి పలుచగా, పక్కవి మొనదేలి, వెనకవి వెడల్పుగా, నాలుగు గుబ్బలతో ఉన్నాయి.

"మామయ్యా, కేకు నన్ను చూసి నవ్వుతోంది," అన్నాడు అల్లుడు.

"నవ్వనీ. కరవనంత వరకూ ఫరవాలేదు," అంది పిన్ని.

రెండో కేకు వీధి చివరి టైలరుకి. అసలు సంగతి బయటపడింది అక్కడే. టైలరు కొవ్వొత్తి ఊది, కేకు మీదికి వంగి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముందు వరసలో ఒక పంటికి చిన్న గాడి ఉంది. ఏళ్ళ తరబడి దారం కొరికి కొరికి టైలరు ముందు పంటికి పడిన గాడి, అదే వెడల్పు, అదే వంకర.

"ఇది నాదే!" అని అరిచాడాయన, పోయిన గొడుగు దొరికినంత సంబరంగా. "చూడండర్రా, నా పన్నే! నా పన్ను నేనే తింటా!" అని దాన్నే తీసి నోట్లో వేసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి మాత్రం తన కుడి చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. ఎప్పుడో టైలరు దవడ పంటికి తొడుగు కోసం వచ్చిన అచ్చు అలమరలో ఎక్కడ ఉండేదో కూడా ఆయనకి గుర్తులేదు. చేతికి గుర్తుంది.

మూడో కేకుతో పరువు పోయింది. ఎదురింటి హెడ్ మేడమ్ బడి నుంచి రిటైరై, నిండుగా, గంభీరంగా ఉండే మనిషి. కేకు అంచు ముత్యాల్లా వచ్చింది. అదే చిక్కైంది. ఎక్కువ తక్కువ లేకుండా, వంకర లేకుండా, అన్నీ ఒకే తెలుపు. అంత బాగున్న పళ్ళు దేవుడి చేతి మీదుగా రావు, మనిషి చేతి మీదుగానే వస్తాయి. వచ్చినవాళ్ళు కేకు వంక చూశారు, మేడమ్ నోటి వంక చూశారు, మళ్ళీ కేకు వంక చూశారు. మేడమ్ నోరు మూసుకుంది. ఆ తర్వాత ఆవిడ బాబాయితో మాట్లాడాల్సి వస్తే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తలుపుతో మాట్లాడేది.

"మీరిక ఆ సంచి ముట్టుకోకండి," అంది పిన్ని.

"చెయ్యి మానుకుంటుందిలే, నెమ్మదిగా," అన్నాడు బాబాయి. ఆయనకప్పుడే లోపల ఒక భయం మొదలైంది. పిన్ని అక్కగారి పుట్టినరోజు దగ్గర పడుతోంది.

ఈ అక్కగారు, బాబాయికి వదిన, కుటుంబం మొత్తానికీ నవ్వుకి పేరు. ఆవిడ భర్త లారీ తోలి తోలి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాడు. అందరూ లారీ అన్నయ్య అంటారు. ఏ నలుగురు చేరినా ఆయన చెప్పే కథ ఒక్కటే. "పెళ్ళిచూపులకి వెళ్ళి, కట్నం అడగలేదు, చదువు అడగలేదు. ఆవిడ ఒక్కసారి నవ్వింది. ఆ పలువరస చూసి, బండి రిజర్వులో పడ్డా సరే ఇక్కడే ఆపేద్దాం అనుకున్నా." ఈ కథ విన్న పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలు కూడా వింటున్నారు.

ఆ పలువరసలో పైది బాబాయి చేసింది. అన్నయ్య దూరం లోడుకి వెళ్ళినప్పుడు వదిన చిగుళ్ళ జబ్బుతో పై పళ్ళన్నీ తీయించుకుంది. ఆయన తిరిగొచ్చేలోగా, పాత ఫోటో చూసి, ఎడమ పక్క పంటి మీద ఎక్కిన చిన్న పంటితో సహా, అచ్చుగుద్దినట్టు సెట్టు చేసిపెట్టాడు బాబాయి. "ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకు" అని ఆవిడ ఒట్టు వేయించుకుంది. బాబాయి పిన్నికి కూడా చెప్పలేదు. భార్యకి తెలియని ఒకే ఒక్క సంగతి కావడంతో దాన్ని ఆయన కొంత గర్వంగా కూడా దాచుకున్నాడు.

ఇప్పుడా అన్నయ్యే ఫోను చేశాడు.

"తమ్ముడూ, నీ కేకుల గురించి విన్నానోయ్. మా ఆవిడ పుట్టినరోజుకి నీ చేత్తోనే కావాలి. ఆ నవ్వు కేకు మీద కనబడాలి. కొన్న కేకు తెచ్చావో, గుమ్మం దగ్గరే ఆపేస్తా."

వెనకే వదిన వచ్చింది, కూరగాయల సంచితో, దారిలో ఊరికే చూసిపోదామని వచ్చినట్టు. పిన్ని వంటింట్లోకి వెళ్ళగానే గొంతు తగ్గించింది.

"ఏమయ్యా మరిదీ, సంగతేంటి?" ఆవిడ "స" అన్నప్పుడల్లా లోపల చిన్నగా టక్కుమంటోంది. ఏళ్ళు గడిచి చిగుళ్ళు అరిగాయి. సెట్టు వదులైంది. "హెడ్ మేడమ్‌కి చేసినట్టు నాకూ చేస్తావా? సంసారం కూల్చేస్తావా?"

"లేదు వదినా. ముందు ఆ సెట్టు ఓసారి ఇచ్చి వెళ్ళండి, బిగిస్తాను."

"ఇచ్చి? ఇచ్చి నేనేం పెట్టుకుని ఇంటికి పోవాలి, నీ పిండాకూడా! పుట్టినరోజు అయ్యాక చూద్దాం. నువ్వు మాత్రం కేకు మీద నా నోరు పెట్టావంటే, ఈ జన్మలో నీ గుమ్మం తొక్కను. మా చెల్లెల్నీ తొక్కనివ్వను."

"మా గుమ్మం మా ఆవిడ తొక్కకపోతే ఎలా వదినా?"

"అది నువ్వు ఆలోచించుకో," అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

బాబాయి మూడు రోజులు ముందుగానే సాధన మొదలుపెట్టాడు. భయపడింది ఒకటి, జరిగింది ఇంకొకటి. పళ్ళు వస్తాయనుకుంటే అసలు పళ్ళే రాలేదు. చెయ్యి గుర్తుంచుకున్నది సెట్టుని కాదు, మొదట వచ్చిన అచ్చుని. పళ్ళన్నీ పోయిన వదిన పై చిగురుని. పళ్ళెం మీద గుర్రపు నాడాలా వంగిన గులాబీ రంగు గట్టు ఒకటి వచ్చింది, నున్నగా, బోసిగా. దాని మీద తెల్ల క్రీముతో పళ్ళు పెట్టబోతే చెయ్యి గాల్లో ఆగిపోయేది, ఖాళీ ఇంటి ముందు నిలబడ్డ పోస్ట్‌మాన్ లాగా.

ఎడమ చేత్తో ప్రయత్నించాడు. రోజంతా అచ్చు పట్టుకుని కూర్చున్నది ఆ చెయ్యే. దానికి ఇంకా బాగా గుర్తుంది. కళ్ళు మూసుకుని టైలరుని తలుచుకుంటే గాడి పన్ను ప్రత్యక్షమైంది. గోకేశాడు. గులాబీ పువ్వు చేద్దామనుకుంటే ఒక్కో రేకూ దవడ పన్నులా ఉబ్బింది. పిన్నిని రాయమన్నాడు. "పుట్టిన" దగ్గర కేకు అయిపోయింది.

"గోకడం ఆపండి. ఇంకాసేపైతే అక్కయ్యకి పళ్ళెం ఇవ్వాలి," అంది పిన్ని. "అసలు ఏంటి మీ బాధ? టైలరుకి వచ్చిన పళ్ళు మా అక్కకి రావా?"

రావు అని చెప్పలేక, వస్తాయి అని చెప్పలేక, బాబాయి అలాగే కేకు డబ్బాలో పెట్టి మూత వేశాడు. నున్నటి తెల్ల కేకు, మీద గులాబీ రంగు బోసి చిగురు. ఒక రకంగా నిశ్చింతే అనుకున్నాడు. పళ్ళు లేని చోట ఎవరి పళ్ళని ఎవరు గుర్తుపడతారు?

పుట్టినరోజు సాయంత్రం వదిన ఇల్లు కిటకిటలాడింది. సోఫా చేతుల మీద కూడా మనుషులు కూర్చున్నారు. అన్నయ్య స్వయంగా డబ్బా మూత ఎత్తాడు. ఎత్తి, చాలాసేపు చూశాడు.

"ఏంటి తమ్ముడూ ఇది? పళ్ళేవి? మా ఆవిడకి బోసినోటి కేకు తెచ్చావేంటి!"

బల్ల అవతల వదిన మొహం పాలిపోయింది. ఆ మొహంలోంచి రెండు కళ్ళు మాత్రం బాబాయిని కాల్చేస్తున్నాయి.

"అది నోరు కాదు అన్నయ్యగారూ," అన్నాడు బాబాయి. "కొండ."

"కొండా?"

"పొద్దు పొడిచే ముందు కొండ. అందుకే ఆ రంగు."

"నేను లారీ ఎక్కించని కొండ లేదు. గుర్రపు నాడాలా ఉన్న కొండ ఎక్కడా చూడలేదు."

"కొండ కాదు, హారం," అందెవరో. "హారమైతే లాకెట్టేది?" అన్నారింకెవరో. "నాకు బొప్పాయి ముక్కలా ఉంది," అన్నాడు అల్లుడు. పిన్ని అల్లుణ్ణి మోచేత్తో పొడిచింది.

వదిన వయసు ఎవరికీ చెప్పదు కాబట్టి కొవ్వొత్తి ఒక్కటే. అన్నయ్య కొట్టుకెళ్ళి, కొట్టువాడు "ఇది స్పెషల్ సార్" అంటే సంతోషంగా కొనుక్కొచ్చాడు. ఊదినా ఆరదని, ఆరినట్టే ఆరి మళ్ళీ వెలుగుతుందని ఆయనకి తెలియదు. తెర లాగారు, దీపాలు ఆర్పారు.

వదిన పెదాలు సున్నాలా చుట్టి జాగ్రత్తగా ఊదింది. ఆరింది. చప్పట్లు. వెలిగింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ ఆరింది, మళ్ళీ వెలిగింది. "గట్టిగా, గట్టిగా!" అని పిల్లలు కేకలు. "కొండలెక్కిన లారీవాడి పెళ్ళానివి, ఒక కొవ్వొత్తికి ఓడిపోతావా!" అన్నాడు అన్నయ్య. దాంతో ఆవిడకి రోషం వచ్చింది. రొమ్ము నిండా గాలి పీల్చి, ఒంట్లో ఉన్న ఊపిరంతా ఒక్కసారి వదిలింది.

కొవ్వొత్తి కేకులోంచి లేచి గోడకి తగిలి పడింది. దాంతోపాటు చీకట్లో ఇంకేదో గాల్లో పల్టీ కొట్టిన చప్పుడు, క్రీములో మెత్తగా దిగిన చప్పుడు బాబాయి చెవిన పడ్డాయి.

దీపాలు వెలిగాయి.

గులాబీ గట్టు మీద పూర్తి పలువరస ఉంది. తెల్లగా మెరుస్తూ పైకి చూస్తోంది. ఎడమ పక్క పంటి మీద చిన్న పన్ను ఎక్కి కూర్చుంది. వెంట్రుకవాసి కూడా పక్కకి జరగలేదు. జరగదు కూడా. చెయ్యి గుర్తుపెట్టుకుని వేసిన చిగురు అది, ఆ చిగురు కొలతకి చేసిన సెట్టు ఇది. బాబాయి వృత్తిలో అంత బాగా కూర్చున్న సెట్టు ఇంకొకటి లేదు.

ఇల్లు దద్దరిల్లింది. "అబ్బ! చీకట్లో వచ్చేలా ఎలా పెట్టారు బాబాయ్!" "స్ప్రింగు ఉంటుంది లోపల!" "అక్కయ్య పన్నే, చూడు, ఆ ఎక్కుడు పన్ను!" అని పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "మూడు రోజులు గోకింది దీని కోసమా?"

వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నారు. అందరూ ఫోన్లు తీస్తున్నారు. అల్లుడు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి "నిజంగా మెరుస్తోంది మామయ్యా, ఏం పూశారు?" అంటున్నాడు. అన్నయ్య కత్తి అందుకున్నాడు.

"పళ్ళున్న ముక్క నాకే," అన్నాడు. "పెళ్ళిచూపుల నాటి బాకీ."

కత్తి దిగింది. టక్.

క్రీములో కత్తి టక్కుమనదు. అన్నయ్య చెయ్యి ఆగింది. ఆయన తల కొద్దిగా పక్కకి వంచాడు, ఘాట్ రోడ్డు మీద ఇంజను చప్పుడు వినేవాడిలా. బాబాయికి ఒక్కటే మాట తోచింది, అదే అనేశాడు.

"మొదటి ముక్క వదినకే అన్నయ్యగారూ. మీ చేత్తోనే నోట్లో పెట్టండి."

అన్నయ్య కత్తిని ఇంకొంచెం వెనక్కి జరిపి, గట్టు మొత్తం కలిసొచ్చేలా పెద్ద ముక్క కోశాడు. అరచేతిలోకి ఎత్తాడు. ఎత్తినవాడు, అద్దం ముందు టోపీ సర్దుకున్నంత మామూలుగా, ముక్కని తలకిందులు చేశాడు. పళ్ళు కిందికి, చిగురు పైకి. రెండో చేత్తో ఆవిడ నోటి మీది కొంగుని తనే తొలగించాడు.

"ఆ... పెద్దగా తెరువు," అన్నాడు.

వదిన తెరిచింది. అంత పెద్ద ముక్క ఎలా పట్టిందో చూసినవాళ్ళెవరికీ అర్థం కాలేదు. సగం కేకు గడ్డం మీదుగా జారింది. ఆవిడ నోరు మూసుకుంది, దవడ అటోసారి ఇటోసారి కదిపింది. తర్వాత నవ్వింది. మూతి నిండా క్రీముతో, పళ్ళ సందుల్లో గులాబీ రంగుతో, నిండుగా.

"ఇదిగో," అన్నాడు అన్నయ్య అందరి వైపూ తిరిగి. "ఈ పలువరస చూసే బండి ఆపేశా."

మిగతా కేకులో పళ్ళ కోసం పిల్లలు చాలాసేపు వెతికారు. దొరకలేదు. పెద్దమ్మ అన్నీ ఒక్క గుక్కలో మింగేసిందని చెప్పుకున్నారు.

వెళ్ళేటప్పుడు అన్నయ్య బాబాయిని గేటు దాకా సాగనంపాడు. పిన్ని ఖాళీ డబ్బాతో ముందు నడుస్తోంది.

"తమ్ముడూ, లారీలో ఎక్కడ నట్టు వదులైనా నాకు నిద్రలో తెలిసిపోయేది," అన్నాడు రోడ్డు వంక చూస్తూ. "మా ఇంట్లో ఒక చోట చాలా రోజుల నుంచి టక్కుమంటోంది. నువ్వే బిగించిన నట్టులా ఉంది. కాస్త చూడు. నేను చెప్పానని మాత్రం చెప్పకు, ఒట్టు."

బాబాయి ఒట్టు వేశాడు. ఒకే సంగతి గురించి మొగుడికీ పెళ్ళానికీ విడివిడిగా ఒట్టు వేసి ఇంటికొచ్చాడు.

తర్వాతి వారం వదిన వచ్చింది. సెట్టు చేతిరుమాల్లో చుట్టి ఇచ్చింది. సందుల్లో గులాబీ రంగు ఇంకా పోలేదు. పెదాలు లోపలికి మడుచుకుపోయిన నోటితోనే గొప్పలు పోయింది. "చూశావా మరిదీ, చేత్తో పట్టుకుని కూడా కనిపెట్టలేదు. మగాళ్ళకి కళ్ళు అలంకారానికే."

"అంతే వదినా, పాపం," అన్నాడు బాబాయి, మైనం కత్తి దీపం మీద కాలుస్తూ. లోపలి వైపు కొత్త పూత వేసి బిగించి ఇచ్చాడు. ఆవిడ పెట్టుకుని "సంగతి, సంసారం, సంతోషం" అని చూసుకుంది. ఎక్కడా చప్పుడు లేదు. కొంగు బిగించి, పడుచుపిల్లలా మెట్లు దిగి వెళ్ళింది.

రెండు రోజులకి పొద్దున్నే అన్నయ్య ఫోను.

"తమ్ముడూ, బిగించావా?"

"బిగించాను అన్నయ్యగారూ. ఇక వినబడదు."

"వినబడట్లేదు," అన్నాడాయన. "ఇల్లంతా ఇంజను ఆపేసిన బండిలా ఉందోయ్. ఆవిడ పక్క గదిలో ఉందో, పక్కింట్లో ఉందో తెలిసి చావడం లేదు. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు నాకు."

"మరైతే?"

"ఏదో వంక పెట్టి పిలిచి, మళ్ళీ కొంచెం వదులు చేసి పెట్టు."